మేడమ్ లెక్క ఎందుకు తప్పింది

పోయిన వారం అనూరాధను రాజాంలో, పాలకొండ రోడ్డు పక్క సందులో, భారతి మేడమ్ ఇంటి గేటు ముందు నిలబెట్టి వదిలేశాం. ఆమె అక్కడికి ఎందుకు వచ్చిందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే కథ అందుకుంటున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు.

భారతి మేడమ్ వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. మూతపడిన ధాన్యం గోదామును జిమ్ముగా మార్చి, రైతుల ఇళ్ళనుంచీ బెస్తపల్లెలనుంచీ ఆడపిల్లల్ని తెచ్చి బరువులెత్తించిన మనిషి. అనూరాధ ఆమె మొదటి శిష్యుల్లో ఒకతె. మెడల్ కొట్టి, ఆ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకుని, ఇప్పుడు ఆమదాలవలస స్టేషన్లో టికెట్లు ఇస్తోంది. రెండు నెలల క్రితం రాష్ట్ర పోటీల్లో, ఇప్పటి శిష్యురాలు ఈశ్వరి గెలవడానికి తొంభై ఆరు కిలోలు ఎత్తితే సరిపోయేది. మేడమ్ అధికారుల బల్ల దగ్గరికి వెళ్ళి బార్‌కు ఎక్కించాల్సిన బరువు నూట ఆరు అని చెప్పింది. అంత బరువు ఈశ్వరి ఏనాడూ ఎత్తలేదు. ఎత్తబోతే మోచెయ్యి మడతపడింది, మొదటి స్థానం పోయింది, జాతీయ పోటీల్లో చోటూ పోయింది. మేడమ్ ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వకుండా పని మానేసి తలుపులేసుకుంది. రికార్డు పిచ్చిలో పిల్ల చెయ్యి విరగ్గొట్టిందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. వెయిట్‌లిఫ్టింగ్ సంఘం కార్యదర్శి నరసింగరావు ఇక జిమ్ము నువ్వే చూసుకోవాలని అనూరాధను అడిగాడు. ఔననేముందు ఆమె ఒక్క సంగతి మేడమ్ నోటినుంచి వినాలనుకుంది.

గేటు తీసింది ధనరాజ్. మేడమ్ భర్త, కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. అనూరాధ చెప్పులు విప్పుతూ ఉండగానే ఆయన గొంతు తగ్గించి రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఒకసారికి ఒక్క మాటే అడగాలి. జవాబు ఆలస్యమైతే మధ్యలో అందుకోకూడదు.

అనూరాధకు ఆ మాట మింగుడుపడలేదు. మేడమ్ జవాబు కోసం ఏ పిల్లా ఏనాడూ ఎదురుచూసింది లేదు. బార్ ఇంకా గాల్లో ఉండగానే తప్పెక్కడో చెవిలో పడేది.

మేడమ్ పెరటి వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒక కాయ తీసి, చూసి, ఈనె లాగి, గిన్నెలో వేసి, అప్పుడు ఇంకో కాయ. అనూరాధను చూడగానే ముఖం విప్పారింది. మనిషి కొంచెం చిక్కింది తప్ప జబ్బుమనిషిలా లేదు. కళ్ళు మాత్రం ఎదుటి మనిషి మీద ఆగడానికి కాస్త సమయం తీసుకుంటున్నాయి.

పోటీలప్పుడు వేదిక వెనకాల వార్మప్ గది ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పది జిల్లాల కోచ్‌లు, పది రకాల అరుపులు, కింద పడే ప్లేట్ల మోత. ఎవరు ఎంత రాయించారు, తన పిల్ల వంతుకు ఇంకా ఎన్ని లిఫ్టులున్నాయి, ఆఖరి వార్మప్ ఎప్పుడు మొదలెట్టాలి, ఎదుటి కోచ్ పెంచిన బరువు నిజంగా పెంచాడా లేక బెదిరిస్తున్నాడా, ఇదంతా క్షణక్షణం మారిపోతూ ఉంటుంది. మిగతా కోచ్‌లు కాగితాలు పట్టుకుని గింజుకుంటుంటే, మేడమ్ ఒక పిల్లకు బెల్టు బిగిస్తూ, ఇంకో పిల్లను నీళ్ళు తాగమంటూ, మొత్తం బోర్డును తలలో పెట్టుకుని తిరిగేది. లెక్క తప్పితే ఎదుటివాళ్ళదే తప్పాలి, ఆమెది కాదు. అలాంటి మనిషి పది కిలోలు తప్పు చెప్పిందంటే తెలిసి చెప్పిందనే ఎవరైనా అనుకుంటారు. అనూరాధా అలాగే అనుకుంది.

అయినా ఆమెకు ఇంకొకటి కూడా గుర్తుంది. తను పదో క్లాసులో ఉండగా ఆడపిల్లకి ఈ బరువులేమిటని ఇంట్లో పంపనన్నారు. మేడమ్ ఆదివారం ఆదివారం వాళ్ళ పొలానికి వచ్చేది. ఒట్టినే నిలబడి మాట్లాడితే పని చెడుతుందని చీర ఎగదోపి మడిలోకి దిగి, అమ్మ పక్కన నాట్లు వేస్తూ మాట్లాడేది. ఆ ఏడు నాట్లు అయిపోయేసరికి అమ్మ మెత్తబడింది. ఆ చేతి అన్నం తిన్నంత రుణం ఉన్న మనిషిని నిలదీయడానికి వచ్చినందుకు బస్సులో దారి పొడుగునా అనూరాధ ఇబ్బందిపడుతూనే ఉంది.

పలకరింపులయ్యాక నెమ్మదిగా అడిగేసింది.

"నూట ఆరు ఎందుకు సెప్పినారు మేడమ్?"

భారతి చేతిలో కాయ గిన్నెలో వేసింది. ధనరాజ్ చెప్పింది నిజమే, జవాబు వెంటనే రాలేదు. అనూరాధ ఓపిక పట్టింది.

"నాను తొంభై ఆరనే సెప్పినాననుకున్నాను అనూ. బోర్డు మీద నూట ఆరు ఎలిగింది. దాన్ని సూసినాను కూడా. నాకు తేడా తెల్లేదు."

తరవాత ఆగుతూ, మాట కోసం వెతుక్కుంటూ, అక్కడక్కడ ధనరాజ్ అందిస్తే అందుకుంటూ మొత్తం చెప్పింది.

ఇది మొదటిసారి కాదు, మూడోసారి. మొదటిది అనూరాధ మెడల్ కొట్టిన ఏడాదే వచ్చింది. ఆ పోటీలనుంచి తిరిగొచ్చిన మర్నాడు పొయ్యి మీద పాలు పెట్టి, తరవాత ఏం చెయ్యాలో తోచక, అవి పొంగి పోయి మాడిపోయేదాకా చూస్తూ నిలబడింది. వారాల తరబడి మంచం దిగలేదు. కారణం లేకుండా ఏడుపొచ్చేది. మేడమ్‌కు టైఫాయిడ్ వచ్చిందని జిమ్ము పిల్లలకు చెప్పించారు. కాస్త లేచి నిలబడగలిగిన రోజునే జిమ్ముకు వెళ్ళిపోయింది. అనూరాధకు ఆ టైఫాయిడ్ బాగా గుర్తుంది. బత్తాయిలు పట్టుకెళ్ళి చూసొచ్చింది కూడా.

రెండోది కరోనా తరవాత. జిమ్ము మూసేస్తే మేడమ్ ఊరుకోలేదు. బార్లూ ప్లేట్లూ ట్రాలీ ఆటోలో వేయించి పిల్లల ఇళ్ళకు చేర్చింది. ఎవరింట్లో తిండి లేదో కనుక్కుని పప్పూ గుడ్లూ పంపింది. పొద్దుటినుంచి ఫోన్లోనే ఒక్కొక్క పిల్ల చేత ఎత్తించింది. అంతా సద్దుమణిగి జిమ్ము తలుపులు తెరిచాక ఆమె పడిపోయింది. పేపర్లో ఒక వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది. ప్లేటు కింద పడిన చప్పుడుకు గుండె దడదడలాడేది. ఒక్క ఏడాది ఆగమని ధనరాజ్ బతిమాలాడు. ఎంపికలు దగ్గరపడుతున్నాయని ఆగలేదు. ఆ ఏడాదే ఆమెకు రాజాంలో సన్మానం చేశారు, అలుపెరగని మనిషి అని పొగిడారు. మెడలో దండ వేసింది అనూరాధే.

మూడోది మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఈ ఏడాది మొదటినుంచీ పిల్లల పేర్లు తారుమారవుతున్నాయి. తెల్లారకముందే మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడేది కాదు. బరువులు అరచేతిలో పెన్నుతో రాసుకునేది. రాసుకున్న చేతిని చూసుకోవడం మరిచిపోయేది. ఎవరికీ తెలియనివ్వలేదు. రాష్ట్ర పోటీల రోజు ఉదయం ఆ వార్మప్ గదిలో నిలబడితే, అన్ని గొంతులూ ఒకేసారి లోపలికి దూరాయట, ఒక్కటీ నిలవలేదట.

విజయనగరంలో దేవేంద్ర అనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు ధనరాజ్. తలకు స్కాన్ తీస్తే ఏమీ లేదని వచ్చింది. అది విని ఇంట్లోవాళ్ళు సంతోషించారు గానీ మేడమ్‌కు దిగులు పట్టుకుంది.

"ఎముక విరిగితే ఎక్స్‌రే సూపించొచ్చు. దీనికేటి సూపించను?"

ఆ డాక్టరు మంచివాడు, విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. నుదుటి వెనకుండే మెదడు భాగమే లెక్క పట్టేదీ, ఒకటి వదిలి ఇంకొకటి అందుకునేదీ, ఆగాల్సిన చోట ఆపేదీ. ఏళ్ళ తరబడి ఒత్తిడి మీద ఒత్తిడి పడితే ఆ భాగం అలిసి పట్టు వదిలేస్తుంది. లోపల భయాన్ని పుట్టించే భాగం మాత్రం ఊరికే చిన్నదానికీ పెద్దదానికీ ఉలిక్కిపడుతూనే ఉంటుంది. అందుకే నిద్రా ఉండదు, లెక్కా ఉండదు. మొదటిసారి పడినప్పుడు త్వరగానే లేచినట్టు అనిపిస్తుంది, కానీ లోపల ఇంకా మానలేదు. మానకుండా పాత బరువంతా మళ్ళీ నెత్తికెత్తుకుంటే రెండోసారి అంతకంటే తక్కువకే పడిపోతారు, లేవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మూడోసారి మరీను. అంతమాత్రాన చెడిపోయినట్టు కాదు, మెదడు మళ్ళీ అల్లుకోగలదు. నిద్రా నడకా, తక్కువ పనీ, తొందర లేకపోవడం, ఇవే దానికి మందు. నెలలు పట్టవచ్చు, ఏళ్ళూ పట్టవచ్చు. కొందరికి అంతా తిరిగొస్తుంది, కొందరికి కొంత వెలితి ఉండిపోతుంది. మీకెంత వస్తుందో నేనిప్పుడు చెప్పలేను అన్నాడు. తెలియనిది తెలియదన్నందుకే మేడమ్‌కు ఆయన మీద నమ్మకం కుదిరింది.

"ఇన్నాళ్ళూ పిల్లలకి నానేటి సెప్పినాను? దెబ్బ తగిలినాక ఖాళీ బార్‌తో మొదలెట్టమన్నాను కదా. నా కాడికి వొచ్చేసరికి రెండుసార్లూ ప్లేట్లు ఎక్కించీసుకున్నాను."

అనూరాధకు తను వేసిన ఆ దండ గుర్తొచ్చింది. పొగిడినవాళ్ళలో ఒక్కరూ ఇక కూర్చోండి అనలేదు. ఇప్పుడు ఆ చిక్కుడుకాయల గిన్నెను చూస్తుంటే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. మేడమ్ ఊరికే కూలబడి లేదు. ఫోను ధనరాజ్‌కు ఇచ్చేసింది. పొద్దున్న సందు చివరిదాకా నడక, చోడి అంబలి, మధ్యాహ్నం నిద్ర, ఒకసారికి ఒక్క పని. ఎవరేమన్నా జవాబు చెప్పుకోవడానికి బయటికి రాకుండా ఉండడమే అన్నిటికంటే కష్టంగా ఉందట, అయినా ఆ నియమం దాటలేదు. తమ చేత వెయ్యిసార్లు ఒకే కదలిక చేయించిన పట్టుదలే ఇది. దాన్ని ఈసారి తన మీద పెట్టుకుంది.

"మంచి రోజుకే వొచ్చినావు," అంది భారతి. "ఈశ్వరినీ వాళ్ళ నాన్ననీ నానే రమ్మన్నాను. కూర్చో."

ఆ సంగతి ధనరాజ్‌కు ఇష్టం లేదు. ఇంకొన్నాళ్ళు ఆగమని డాక్టరూ అన్నాడు. మేడమ్ ఈ ఒక్కదానికి మాత్రం ఎవరి మాటా వినలేదు. రెండు నెలలుగా ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటూ ఉంటుందని, అది తను కోలుకునేదాకా ఆగే విషయం కాదని చెప్పింది.

కాసేపటికి వాళ్ళు వచ్చారు. కూర్మయ్య సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి, ఎండకు కమిలిన పెద్ద శరీరం. కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆయన వెనక ఈశ్వరి, పంతొమ్మిదేళ్ళ పిల్ల, మోచేతికి పట్టీ. మేడమ్‌కు దండం పెట్టి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"నాను గొడవకి రాలేదు మేడమ్," అన్నాడు కూర్మయ్య. "సెయ్యి మానతాదన్నారు. ఊర్లో ఏటంతన్నారో మీకూ తెలుసు. అది నిజమో కాదో మీ నోటితో ఇనాలి."

భారతి పీట మీదనుంచి లేచింది. ఆయనకు ఎదురుగా నిలబడింది. ధనరాజ్ సాయానికి రాబోతే చేత్తోనే వద్దంది.

"తప్పు నాది బాబూ. రికార్డు కోసం కాదు. నా తల బాగులేదు, లెక్క తప్పీసింది. తప్పుతాదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఆ బల్ల కాడ నానే నిలబడినాను. ఇంకొకల్ని నిలబెట్టుంటే మీ పిల్ల గెలిసును."

అప్పుడు ఈశ్వరి వైపు తిరిగి అదే మాట ఆమెకూ చెప్పింది, ఇంకా నెమ్మదిగా. బోర్డు చూడొద్దు, బార్ చూడు, బరువు సంగతి నాకొదిలెయ్ అని నేర్పింది తనేననీ, ఆ పిల్ల నేర్చుకున్నట్టే చేసిందనీ, అందులో దాని దోషం గోరంత కూడా లేదనీ చెప్పింది. మధ్యలో ఒక మాట అందక ఆగిపోయింది. సిగ్గుపడలేదు. అది దొరికేదాకా అందరి ముందూ అలాగే నిలబడింది.

అనూరాధ చాలామంది కోచ్‌లను చూసింది, ఆఫీసర్లను చూసింది. ఓడితే పిల్ల మీదా, గెలిస్తే తమ మీదా వేసుకునేవాళ్ళే ఎక్కువ. మేడమ్ నూరు కిలోలు ఎత్తిన రోజుల ఫోటోలు జిమ్ము గోడ మీద ఉన్నాయి. వాటిలో ఉన్న మనిషి కంటే ఇప్పుడు మాట కోసం తడుముకుంటూ నిలబడిన ఈ మనిషే అనూరాధ కంటికి ఎత్తుగా కనిపించింది.

కూర్మయ్య వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

"తగ్గుతాదా?" అని అడిగాడు.

తగ్గుతుందనీ, పాతలాగా అవుతానో లేదో మాత్రం తెలియదనీ భారతి చెప్పింది. మళ్ళీ పిల్లల దగ్గరికి వస్తారా అని ఆయన అడిగాడు. ఆ జవాబు ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది. డాక్టరు ఒప్పుకున్నాక రోజుకో గంట వస్తుంది. పోటీలకు రాదు. లెక్క అనూరాధ చూసుకోవాలి.

"పిల్ల నడుం వొంగితే, మడమ లెగిస్తే ఇప్పటికీ నా కంటికి దొరుకుతాది. అది పోలేదు నాకు," అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం గొంతులో పాత బిగువు వినిపించింది.

జిమ్ము తీసుకుంటానని అనూరాధ పైకి అనలేదు గానీ, అప్పటికే మనసులో అనేసుకుంది.

ఈశ్వరి ఇంతవరకూ నోరు విప్పలేదు. స్తంభాన్ని వదిలి రాలేదు. కోపం ఉంటే కోపంగానే చెప్పమంది మేడమ్. కోపం లేదంది ఆ పిల్ల. మరి ఏమిటని మేడమ్ అడగలేదు, ఊరికే కూర్చుని చూసింది. తొందర లేకుండా ఎదురుచూడడం ఈ రెండు నెలల్లో ఆమె కొత్తగా నేర్చుకున్న విద్య. బహుశా అందుకే ఆ పిల్లకు మాట వచ్చింది.

"మీరు బల్ల కాడ నూట ఆరు అన్నప్పుడు నాను ఎనకాలే ఉన్నాను మేడమ్. ఇన్నాను. తప్పని తెలిసిపోనాది."

కూర్మయ్య తలెత్తాడు.

"మరి సెప్పలేదేటమ్మా?" అంది భారతి.

"సెప్తే తొంభై ఆరు ఎక్కిస్తారు. అది ఎత్తీగలను. ఎత్తితే మళ్ళీ క్యాంపు, మళ్ళీ పోటీ." ఈశ్వరి నేల చూస్తూ మాట్లాడుతోంది. "రేత్రి నిద్దర ఉండదు. పుస్తకం తీస్తే అక్షరం ఎక్కదు. సాలనిపించినాది. ఆ బరువు నా మీద పడితే కొన్నాళ్ళు ఇంటికాడ పడుకోవచ్చు కదా అనుకున్నాను."

అనూరాధకు అప్పుడు తెలిసొచ్చింది. రెండు నెలలుగా అందరూ మేడమ్ ఎందుకలా చెప్పిందని అడిగారు. ఆ పిల్ల ఎందుకు ఎత్తబోయిందని ఒక్కరూ అడగలేదు, తనతో సహా.

భారతి లేచి వెళ్ళి ఈశ్వరి పక్కన నిలబడి, బాగున్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తిట్టలేదు, ఓదార్చలేదు. ఎప్పటినుంచి ఇలా ఉందో మాత్రం అడిగింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"నానొక్కత్తినే కాదు మేడమ్. మన జిమ్ములో మరిడమ్మని పొద్దున్న నరసింగరావు సారు విజయనగరం ట్రయల్స్‌కి తీసుకెళ్ళినారు. దానికి నాను నిజం సెప్పీసినాను. అయితే నానూ అలాగే సేస్తానన్నాది. మెడ మీద పడినా పరవాలేదన్నాది."

అనూరాధ అప్పటికే ఫోను తీసి నరసింగరావు నంబరు నొక్కింది. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మరిడమ్మ ఫోను ఇంట్లోనే ఉండిపోయిందని ఈశ్వరి చెప్పింది. ట్రయల్స్ మధ్యాహ్నం భోజనాల తరవాత మొదలవుతాయి. విజయనగరం చేరడానికి గంట పైనే పడుతుంది, ఇప్పటికే పన్నెండు కావస్తోంది.

అక్కడికి వెళ్ళి ఏం చెప్పాలో, ఆ హాల్లో ఆ పిల్ల ఎవరి మాట వింటుందో అనూరాధకు తెలుసు. ఆ వార్మప్ గదిలో అడుగుపెడితే ఆ ఒక్క మనిషికి ఏమవుతుందో ఇందాకే విన్నది. ఆమె మేడమ్ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

భారతి అప్పటికే కొంగు బిగించి చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచింది. గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ చాపి, ధనరాజ్ నిలబడి ఉన్నాడు.